22 డిగ్రీల గదిలో కొలిచిన అంకెలు, 44 డిగ్రీల బెజవాడ

"ఈ కూలర్ పెడితే ప్రాసెసర్ 78 డిగ్రీలు దాటలేదు" అని వీడియోల్లో చెప్పేవాళ్ళు చాలావరకు ఆ కొలత తీసేది 20, 22 డిగ్రీల చల్లటి గదిలో. ఆ 78లో 22 గదిది, మిగిలిన 56 మాత్రమే కూలర్‌ది. మనం పట్టుకోవాల్సింది ఆ 56నే. రోహిణీ కార్తెలో సత్యనారాయణపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పై అంతస్తు గది మధ్యాహ్నం రెండింటికి 40లో ఉంటుంది. 40కి 56 కలిపితే 96. రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్ హద్దు 89. లెక్క అక్కడే తేలిపోయింది.

హద్దు తగిలితే చిప్పు కాలిపోదు. 89 దగ్గర ఆగి, దాటకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. అందుకే చాలామందికి అసలు కారణం కనపడదు. ఉష్ణోగ్రత చూస్తే కదలకుండా 89, ఆట చూస్తే నత్తనడక. తప్పు గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, కొత్త కార్డు వస్తుంది, దాని వేడి కూడా అదే క్యాబినెట్లో చేరుతుంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా పక్కన కోర్ క్లాక్ (ప్రాసెసర్ వేగం), ప్యాకేజ్ పవర్ (అది తాగే కరెంటు) కూడా చూడండి. పొద్దున ఆరింటికీ మధ్యాహ్నం రెండింటికీ అదే ఆట, అదే చోటు. క్లాక్ 200 మెగాహెర్ట్జ్ పడిపోయి ఉంటే దొంగ దొరికినట్టే.

జెట్ ఇంజిన్లు కూడా సరిగ్గా ఇదే పని చేస్తాయి. విమానాల పిచ్చి, కంప్యూటర్ల పిచ్చి రెండూ ఉన్నవాళ్ళకి ఇది భలేగా అనిపిస్తుంది. ప్రయాణికుల విమానాల ఇంజిన్లలో చాలావాటికి "ఫ్లాట్ రేటింగ్" అని ఒకటి ఉంటుంది. ప్రామాణిక వాతావరణం కన్నా 15 డిగ్రీలు ఎక్కువ వరకు, అంటే సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల దాకా, చెప్పిన థ్రస్ట్ (ముందుకు తోసే బలం) మొత్తం ఇస్తాయి. అది దాటితే లోపలి వేడి హద్దు మీరకుండా థ్రస్ట్ తగ్గుతూ వస్తుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ ఆటలో ఏ320 విమానం నడిపేవాళ్ళు పెట్టే ఫ్లెక్స్ టెంపరేచర్ ఈ లెక్క మీదే నిలబడింది. రన్‌వే చాలినంత పొడుగుంటే, బయట అసలున్న దానికంటే ఎక్కువ వేడి ఉందని ఇంజిన్‌కి చెప్పి, తక్కువ థ్రస్ట్‌తో లేపి ఇంజిన్ అరుగుదల తగ్గిస్తారు. అందువల్ల ఆ అంకె బయటి ఉష్ణోగ్రత కన్నా ఎక్కువే ఉండాలి. లండన్ ట్యుటోరియల్ చూసి గన్నవరంలో మే నెల మధ్యాహ్నం ఫ్లెక్స్ 40 కొడితే, బయట 43 ఉన్నప్పుడు ఆ అంకెకి అర్థమే లేదు. చలికాలం పొద్దున ఉండేంత వెసులుబాటు వేసవి మధ్యాహ్నం ఉండదు, కొన్ని బరువులకి పూర్తి థ్రస్టే దిక్కు.

చిన్న విమానంతో అయితే వేడి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ప్రామాణిక వాతావరణం అంటే సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, 1013.25 హెక్టోపాస్కల్స్. గన్నవరం, కోడ్ వీఓబీజెడ్, సముద్రమట్టానికి సుమారు 80 అడుగుల ఎత్తు. వేసవిలో ఇక్కడ పీడనం కూడా తక్కువే, 1003 అనుకుందాం. ఒక్కో హెక్టోపాస్కల్‌కి రమారమి 30 అడుగుల చొప్పున పదికి 300. 80తో కలిపితే ప్రెజర్ ఆల్టిట్యూడ్, అంటే ప్రామాణిక పీడనం లెక్కలో ఎత్తు, 380 అడుగులు. ఆ ఎత్తులో ఉండాల్సిన ఉష్ణోగ్రత 14, ఉన్నది 44. తేడా 30 డిగ్రీలు, డిగ్రీకి 120 అడుగులు అంటే 3600. మొత్తం డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పల్చదనం లెక్కలో ఎత్తు, దాదాపు 4000 అడుగులు. కృష్ణ ఒడ్డున నిలబెట్టిన విమానం రెక్కలకి అందే గాలి అరకు ఊళ్ళో దొరికే మామూలు గాలి కన్నా పల్చన. తేమ ఉంటే ఇంకాస్త పల్చన.

సెస్నా 172ఎస్ మాన్యువల్లో టేకాఫ్ పట్టిక చూస్తే, నిండు బరువుతో, సముద్రమట్టం దగ్గర 0 డిగ్రీలకి నేల మీద పరుగు సుమారు 860 అడుగులు, 40 డిగ్రీలకి 1150. పట్టిక అక్కడితో ఆగిపోతుంది, 44కి వరుసే లేదు. ఎక్కే వేగం కూడా నిమిషానికి 785 అడుగుల నుంచి 645కి దిగుతుంది. గన్నవరం రన్‌వే 3 వేల మీటర్లు దాటినది కాబట్టి సెస్నాకి నేల కరువేమీ లేదు, అసలు ఇబ్బంది లేచిన తర్వాత. సిమ్యులేటర్‌లో ఎక్కువమంది చేసే పొరపాటు, "లేవడం లేదే" అని ముక్కు ఇంకా పైకి లాగడం. స్పీడ్ మీటర్ చూపించే అంకె గాలి ఒత్తిడిని బట్టి వస్తుంది కాబట్టి 55 నాట్ల దగ్గర లాగాలంటే ఇక్కడా 55 దగ్గరే. ఆ 55కి నేల మీద అసలు వేగం 58 అవుతుంది, ఇంజిన్ బలం తగ్గి ఉంటుంది కాబట్టి అక్కడికి చేరడానికి ఎక్కువ దూరం పడుతుంది. అంతే. ఓపిక పట్టి 74 నాట్లు నిలబెట్టుకుంటే ఎక్కుతుంది, లాగితే స్టాల్ వార్నింగ్ (రెక్కలు పట్టు కోల్పోతున్నాయన్న హెచ్చరిక) కూస్తుంది.

దీన్ని ఇంట్లో పరీక్షించాలంటే లైవ్ వెదర్ తీసేసి కస్టమ్ వెదర్‌లో ఉష్ణోగ్రత 15, పీడనం 1013 పెట్టి ఒకసారి, 44, 1003 పెట్టి ఒకసారి లేపండి. గాలి వేగం రెండుసార్లూ సున్నా పెట్టాలి. ఐదు నాట్ల ఎదురుగాలి మిగిలిపోయినా పోలిక చెడుతుంది. ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటర్) పీడనం సెట్టింగ్ మార్చడం మరిచిపోతే నేల మీద నిలబడ్డ విమానమే 380 అడుగులు చూపిస్తుంది. ఆట బగ్ కాదది.

ఇక పీసీ సంగతి. ఫ్లైట్ సిమ్యులేటర్‌కీ తుపాకుల ఆటలకీ ఒకే కొలబద్ద పెట్టి మిషన్ కొనడం దండగ. గురిపెట్టి కాల్చే ఆటకి 144 ఫ్రేములు కావాలి, చేతికీ తెరకీ మధ్య ఆలస్యం ఉండకూడదు. విమానం రన్‌వే మీదికి దిగుతున్నప్పుడు 30 ఫ్రేములు కదలకుండా నిలబడితే చాలు, 70కీ 25కీ మధ్య ఊగిసలాడే ఫ్రేములే కళ్ళకి కష్టం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్లో, 2020దైనా 2024దైనా, పెద్ద విమానాశ్రయాల దగ్గర ముందు చేతులెత్తేసేది తరచుగా ప్రాసెసర్‌లోని ఒకే ఒక్క థ్రెడ్ (ఒక వరుసలో సాగే పని). ఆప్షన్స్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, పైన వచ్చే మెనూలో ఎఫ్‌పీఎస్ చూపించమంటే "మెయిన్ థ్రెడ్" అడ్డమో, "జీపీయూ" (గ్రాఫిక్స్ కార్డు) అడ్డమో అదే రాసి చూపిస్తుంది. డబ్బులు తీసే ముందు ఇది చూడండి. మెయిన్ థ్రెడ్ అని ఉంటే టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ (నేల ఎంత వివరంగా కనపడాలో చెప్పే సెట్టింగ్) 200 నుంచి 100కి దించండి, ఎయిర్‌పోర్ట్ వాహనాలు, మనుషులు, ట్రాఫిక్ తగ్గించండి. జీపీయూ అని ఉంటేనే మేఘాలు, రిజల్యూషన్ జోలికి వెళ్ళాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మేఘాల సెట్టింగ్‌ని "లో" (తక్కువ) దాకా దించి ఆకాశం పాడుచేసుకుంటారు, ఫ్రేములు మాత్రం ఒక్కటీ పెరగవు.

ఈ ఆటకి పెద్ద క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉన్న ఎక్స్3డి ప్రాసెసర్లు బాగా నప్పుతాయి. 7800ఎక్స్3డికి 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది. చిక్కేమిటంటే, ఆ అదనపు క్యాష్ కోర్ల నెత్తిన పేర్చి ఉంటుంది, కోర్ల వేడి దాన్ని దాటుకుని పైకి రావాలి. 9800ఎక్స్3డిలో క్యాష్‌ని కోర్ల కిందికి మార్చారు. వేడి తేలిగ్గా బయటపడుతుంది, హద్దు కూడా 95. కానీ అది కరెంటు ఎక్కువే తాగుతుంది, తాగింది మన గదిలోకే వస్తుంది. మన ఊరికి 7800ఎక్స్3డి, రెండు టవర్ల గాలి కూలర్ మంచి జోడీ అని నా అభిప్రాయం. నీళ్ళ కూలర్ అంటే చల్లబరుస్తుందన్న భ్రమ చాలామందికి ఉంది. రేడియేటర్ గుండా పోయేదీ గదిలోని ఆ 40 డిగ్రీల గాలే, అంతకంటే కిందికి అది దించలేదు.

గ్రాఫిక్స్ కార్డుకి ఖర్చు లేని మందు అండర్‌వోల్టింగ్, అంటే తక్కువ వోల్టేజీతో పని చేయించడం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజీ గీత వస్తుంది. ముందు కోర్ క్లాక్‌ని మైనస్ 200 దాకా దించి అప్లై చేయండి, గీత మొత్తం కిందికి జరుగుతుంది. తర్వాత 875 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కని పైకి లాగి, ఆర్‌టీఎక్స్ 30 తరం కార్డులకైతే 1800 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టి మళ్ళీ అప్లై నొక్కండి. దానికి కుడివైపున ఉన్న చుక్కలన్నీ అదే ఎత్తులో చదునుగా పరుచుకోవాలి. పరుచుకోకపోతే కార్డు ఆ చుక్కని దాటి ఎక్కువ వోల్టేజీకి పోతుంది, చేసిందంతా వృథా. ఆట మధ్యలో డ్రైవర్ రీసెట్ అయితే క్లాక్‌ని 15 చొప్పున దించుకుంటూ రండి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే పవర్ లిమిట్ 75 శాతానికి దించి వదిలేయండి, ఫ్రేముల్లో పోయేది కొంచెమే.

ప్రాసెసర్‌కి బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ (కోర్లకి అందే వోల్టేజీ తగ్గించే సెట్టింగ్), ఆల్ కోర్స్, నెగెటివ్ 15తో మొదలుపెట్టండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎక్కువ దించితే భారీ పరీక్షలో కాకుండా, మిషన్ ఖాళీగా ఉన్నప్పుడో, పాట వింటున్నప్పుడో రీస్టార్ట్ అవుతుంది. తేలిక పని మీద ఒక్క కోర్ అమాంతం పైకి ఎగిరినప్పుడే వోల్టేజీ చాలదు. అందుకే గంటసేపు బెంచ్‌మార్క్ తట్టుకుంది కాబట్టి అంతా బాగుందనుకోవద్దు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ (హార్డ్‌వేర్ లోపాలు) పేరుతో లైన్లు కనపడితే ఐదు పాయింట్లు వెనక్కి రండి.

థర్మల్ పేస్టు కొన్నాళ్ళకి అంచులకి తోసుకుపోతుంది. వేడెక్కడం చల్లారడం ఎక్కువగా ఉండే గ్రాఫిక్స్ కార్డుల్లో ఇంకా త్వరగా. కార్డు సగటు ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్‌కీ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటుకీ) మధ్య తేడా 15 ఉంటే మామూలే, 30 దగ్గరికి వస్తే పేస్టు పోయినట్టు లెక్క. పేస్టు బదులు హనీవెల్ పీటీఎం7950 షీటు పెడితే ఈ బాధ తగ్గుతుంది. అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి పాకుతుంది. మే నెలలో కొరియర్లో వచ్చే దారిలోనే అది మెత్తబడటం మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి, కవర్ విప్పకుండా ఓ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక పై ఫిల్ము ఒక్క ఊపులో లాగేయండి. లేకపోతే సగం షీటు ఫిల్ముకే అంటుకుని వస్తుంది. పనిలో పనిగా ఎస్ఎస్‌డీ హీట్‌సింక్ కింద ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా చూడండి. కొత్త మిషన్లలో అది అలాగే ఉండిపోవడం కొత్తేమీ కాదు.

పీసీ పక్కన గదికి వాడే నీళ్ళ ఎయిర్ కూలర్ పెట్టడం మీద వాదనలు చాలా వింటుంటాం. నడుస్తున్న మిషన్ లోపల గది కన్నా వేడిగానే ఉంటుంది కాబట్టి నీరు పట్టడం జరగదు. గొడవ దుమ్ముతో. ఆ చెమ్మకి దుమ్ము ముద్దయి రేడియేటర్ రెక్కల మధ్య అతుక్కుంటుంది, తర్వాత బ్లోయర్ కొట్టినా కదలదు. కూలర్ ఊదే గాలి నేరుగా క్యాబినెట్ మీద పడకుండా తిప్పి పెట్టి, కిటికీ తెరిచి ఉంచితే సరిపోతుంది. వడగాలి పొడిగా వీచే మే నెలలో కూలర్ బాగానే పనిచేస్తుంది, వానలు మొదలయ్యాక దాని వల్ల ఉక్క తప్ప లాభం లేదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలని వేలితో పట్టుకోండి, వదిలేస్తే మోటారు కంటే వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. ఏసీ ఉన్నవాళ్ళకి ఒక లెక్క: 1 టన్ను ఏసీ లాగేయగలిగిన వేడి సుమారు 3500 వాట్లు. 400 వాట్ల పీసీ అందులో తొమ్మిదో వంతు తినేస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద పీసీ ఆరిపోతోందంటే ముందు ఇన్వర్టర్ వెనక స్విచ్ చూడండి. చాలావాటికి యూపీఎస్ మోడ్ అని ఉంటుంది. అది లేకుండా మామూలు మోడ్‌లో ఉంటే మారడానికి 30, 40 మిల్లీసెకన్లు పట్టొచ్చు. పీసీ సప్లై నిండు లోడు మీద తట్టుకునేది 12 నుంచి 17 మిల్లీసెకన్లు. యూపీఎస్ మోడ్‌లో మార్పు సుమారు 10కి వస్తుంది. దానితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, ఆ మోడ్‌లో వోల్టేజీ హద్దులు ఇరుకు. వేసవి సాయంత్రం అందరి ఏసీలూ ఆన్ అయి లైన్ 180 వోల్టుల దరిదాపులకి దిగితే, కరెంటు ఉండగానే బ్యాటరీ మీదికి దూకుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే పీసీ జోలికే తేవద్దు, సైన్ వేవే ఉండాలి. 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్ అవర్లు, చేతికొచ్చేది అందులో అరవై శాతం అనుకుంటే 350 వాట్ల మిషన్ మూడు గంటలు లాగుతుంది. బల్ల కింద పెట్టే చిన్న యూపీఎస్‌లలో ఉండే సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీలకి రాసినది. ప్రతి 10 డిగ్రీలకి సగం పోతుందని వాడుక లెక్క. దాన్ని క్యాబినెట్ వెనక, వేడిగాలి తగిలే చోట పెట్టి, ఏడాదికే పోయిందని షాపు వాడితో పోట్లాడి లాభం లేదు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదని అర్థం. పాత ఇళ్ళలో ఇది మామూలే. జాయ్‌స్టిక్ వదిలేసినా విమానం తనంతట తాను వణుకుతుంటే కూడా ఒకసారి ఎర్తింగ్ అనుమానించండి, తర్వాతే లోపలి పొటెన్షియోమీటర్ (కదలికని రాపిడితో కొలిచే భాగం). అరిగిన పొటెన్షియోమీటర్‌కి కాంటాక్ట్ క్లీనర్ కొన్నాళ్ళ సంబరం. కొనేటప్పుడే హాల్ సెన్సార్ (అయస్కాంతంతో కొలిచేది) ఉన్నది తీసుకోవడం మేలు.

సిమ్యులేటర్ కన్నా ఎంతో చవగ్గా నిజం విమానాలని చూడాలంటే ఏడీఎస్‌-బీ, అంటే విమానాలు తమ స్థానం చెబుతూ పంపే రేడియో సిగ్నల్. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్), రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్), మేడ మీద ఒక యాంటెన్నా. ఆ సిగ్నల్ వచ్చేది 1090 మెగాహెర్ట్జ్ మీద. ఆ తరంగం పొడవు 275 మిల్లీమీటర్లు, పావు వంతు 69. 69 మిల్లీమీటర్ల రాగి తీగ ఒకటి నిలువుగా, నాలుగు కిందికి 45 డిగ్రీలు వంచి కనెక్టర్ అంచుకి అతికిస్తే యాంటెన్నా తయారు. కేబుల్ దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. 50 ఓమ్స్ అని సన్నటి ఆర్‌జీ58 కొంటే ఈ ఫ్రీక్వెన్సీలో 10 మీటర్లకి 6 డెసిబెల్స్ దాకా పోతాయి, అంటే సిగ్నల్‌లో ముప్పాతిక భాగం. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ6, 75 ఓమ్సే అయినా, 10 మీటర్లకి పోగొట్టేది 2 చిల్లర. ఓమ్స్ తేడా వల్ల వచ్చే నష్టం లెక్కలోకి రాదు. రాస్ప్‌బెర్రీ పై, డాంగిల్ రెండూ డబ్బాలో పెట్టి మేడ మీద వదిలేస్తే కేబుల్ మిగులుతుంది నిజమే, కానీ ఎండలో ఆ డబ్బా లోపల గాలి 60 దాటుతుంది, రాస్ప్‌బెర్రీ పై 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది. ఆర్‌జీ6తో కిందికి దించుకోవడమే నయం. యాంప్లిఫయర్ పెడితే యాంటెన్నా మొదట్లోనే, ఫిల్టర్‌తో సహా పెట్టాలి. ఫిల్టర్ లేకపోతే ఊళ్ళో 900 బ్యాండ్ సెల్ టవర్లు డాంగిల్‌ని ముంచేస్తాయి.

35 వేల అడుగుల విమానం లెక్క ప్రకారం 230 నాటికల్ మైళ్ళ నుంచి వినపడాలి. అంటే హైదరాబాద్, చెన్నై, విశాఖ మూడూ పరిధిలోనే. కానీ భవానీపురంలో మేడ మీద పెడితే తూర్పున ఇంద్రకీలాద్రి అడ్డం, గన్నవరంలో దిగే విమానాలు చివర్లో మాయమవుతాయి. మ్యాపులో ఆ వైపు పరిధి రేఖ కత్తిరించినట్టు కనిపిస్తే యాంటెన్నా విప్పకండి.

ఎత్తుల దగ్గర మరో తికమక. విమానం పంపే బారోమెట్రిక్ ఎత్తు (గాలి పీడనాన్ని బట్టి కట్టిన ఎత్తు) ఎప్పుడూ 1013.25 లెక్కలోనే ఉంటుంది, ఊళ్ళో పీడనంతో దానికి సంబంధం లేదు. 1003 ఉన్న రోజు గన్నవరంలో చక్రాలు తాకబోయే విమానం మ్యాపులో 375, 400 అడుగులు చూపిస్తుంది. అదే పక్కన జీపీఎస్ ఎత్తు గడిలో మైనస్ అంకె కనపడుతుంది. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 అనే లెక్కలో మన ప్రాంతంలో సముద్రమట్టమే సున్నాకి 70 మీటర్లకు పైగా కింద ఉంటుంది, అంటే 230 అడుగుల పైమాటే. డాంగిల్ పాడైందని తిప్పి పంపించక్కర్లేదు. విమానాలని మ్యాపులో చూపే టార్1090 ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైల్లో ఈజీఎమ్ (సముద్రమట్టం నమూనా) సవరణ ఆన్ చేస్తే జీపీఎస్ ఎత్తు సముద్రమట్టం లెక్కకి వచ్చేస్తుంది. బారోమెట్రిక్ గడి మాత్రం అలాగే ఉంటుంది, దానికి ఆ రోజు క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టం లెక్కలో ఊళ్ళో పీడనం) మెటార్‌లో, అంటే విమానాశ్రయం వాతావరణ నివేదికలో, చూసి తేడా మనమే తీసేసుకోవాలి.